ఏడో నోటీసు

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఇరవై నాలుగు గంటల డ్యూటీ దిగి ఇంటికొచ్చిన రచయిత ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, కాఫీ, గది తలుపుకు గడియ, ఆ పైన నవల చివరి అధ్యాయం. హంతకుడెవరో నిన్న మధ్యాహ్నం స్టేషన్లో తడి గొట్టాలు ఆరబెడుతుండగా తట్టింది. మరిచిపోకముందే కాగితం మీద పెట్టేస్తే ఓ పనైపోతుంది.

అతను మంటలార్పే ఉద్యోగి. పన్నెండేళ్ళ సర్వీసులో ఐదు అపరాధ పరిశోధన నవలలు రాశాడు. స్టేషన్లో తోటివాళ్ళు "రచయితగారూ" అని పిలుస్తారు, అందులో గౌరవం పాలు తక్కువ. ఇంటి దగ్గర నాలుగంతస్తుల వాళ్ళూ "ఫైరింజనాయన" అంటారు. గొట్టం పట్టుకున్నచోట రచయిత, కలం పట్టుకున్నచోట ఫైరింజను. ఈ ఏర్పాటు అతనికి నచ్చకపోయినా అలవాటైపోయింది.

కాఫీ గ్లాసు అందుకుంటూ, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి భార్య ముందు పెట్టాడు. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. ఏ కాగితమైనా అడుగునుంచి పైకి చదువుతుంది.

"ఇందులో సంతకం లేదేంటండీ?"

"అదే గొడవ. పెట్టనన్నాడు."

ఉద్యోగంలో ఉండి పుస్తకాలు అచ్చు వేసుకోవాలంటే ఏటా పై అధికారి అనుమతి ఉండాలి. ఇన్నేళ్ళూ ఆ సంతకం అడక్కుండానే పడింది. ఈ ఏడు స్టేషన్ ఆఫీసరుకు కిందటి నవల చదివే తీరిక చిక్కింది. అందులో పన్నెండో పేజీలోనే చచ్చిపోయిన బట్టతల ఆఫీసరు ఎవరో ఆయన ఇట్టే పోల్చుకున్నాడు.

"అసలేమన్నాడు?"

"ఊరందరికీ వెనక మెట్లు ఖాళీ చెయ్యమని నోటీసులిస్తావు, నువ్వుండే బిల్డింగులో ఆ మెట్ల మీద పిల్లి కూడా దిగలేదు, అన్నాడు. శనివారం పొద్దున పదింటికి తనే తనిఖీకొస్తాడట. మెట్లు ఖాళీగా ఉంటే సంతకం. లేకపోతే ఇంక నవలలు కట్టిపెట్టాల్సిందే. ఇప్పుడు రాస్తున్నది కూడా అచ్చుకెళ్ళదు."

ఆఫీసరు మాటలో అన్యాయం ఏమీ లేదు. అందుకే రచయితకు ఇంకా ఒళ్ళు మండింది. ఆ భవనం వెనక మెట్ల మీద మొదటి అంతస్తులో సెక్రటరీగారి పాడైపోయిన కూలరు ఉంది. రెండో అంతస్తులో బ్యాంకాయన చెక్క బీరువా, దాని పక్కన ఎవరిదో విప్పేసిన మంచం. మూడో అంతస్తులో మామ్మగారి పూలకుండీలు పదకొండు. నాలుగో అంతస్తులో, సరిగ్గా రచయిత గుమ్మానికి అవతల, ఎదురింటివాళ్ళు వ్యాయామానికి కొని తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న సైకిలు. ఎవరినడిగినా "రెండు రోజుల్లో తీసేస్తాం" అంటారు. కూలరు తాలూకు రెండు రోజులు మొదలై మూడేళ్ళయింది.

రెండు నెలల క్రితం ఇంకో వీధిలో ఇలాంటి మెట్ల మీదే అడ్డంగా నిలబెట్టిన మంచం తప్పించి పైకి వెళ్ళడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. పైన పొగలో చిక్కుకున్న మనిషిని భుజాన వేసుకుని దించాడు. మనిషి బతికాడు కానీ ఇప్పటికీ నాలుగు మాటలు వరసగా మాట్లాడలేడు, దగ్గు తెర కమ్మేస్తుంది. ఆ దగ్గు గుర్తొస్తే రచయితకు బాధా, భయమూ కలిసి వచ్చేవి. వాటిని తీసుకెళ్ళి నోటీసుల్లో పెట్టేవాడు. ఇప్పటికి ఆరు నోటీసులు అంటించాడు. ఆరో నోటీసు వెనకవైపు ఎవరో చాకలి పద్దు రాసుకున్నారు.

"ఏడోది అంటిస్తాను," అన్నాడు.

"ఎవరు చదువుతారండీ? 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని మీరు మొదలెట్టగానే జనానికి నిద్రొస్తుంది. అదే మీ నవలైతే మెట్ల దగ్గర నన్ను ఆపి మరీ అడుగుతారు, చంపిందెవరో చెప్పవా అని. ఆ రాసేదేదో అలా రాసి చావకూడదూ."

లెక్కల టీచరు నోట వచ్చిన ఈ మాట రచయితకు నచ్చింది. చివరి అధ్యాయం పక్కన పెట్టి, ముప్పావు గంటలో ఏడో నోటీసు రాసి, కింద బోర్డుకు అంటించి వచ్చాడు. అది ఇలా ఉంది:

"పొగ మొదలైంది కింది అంతస్తులో. పై అంతస్తులోని పెద్దావిడ చేతికర్ర పట్టుకుని వెనక మెట్లు దిగసాగింది. కుండీలు తప్పించుకుంది. మంచం కోళ్ళు తప్పించుకుంది. బీరువా దగ్గర ఆగిపోయింది. ఆమెను బయటికి తెచ్చినప్పుడు ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఆమెను చంపింది మంట కాదు. ఈ భవనంలోనే, మన మధ్యే తిరుగుతున్న ఒక మనిషి. ఎవరా మనిషి?"

దీని తర్వాత 'మెట్లకు అడ్డం పెట్టిన ప్రతివారూ' అని ఒక వాక్యం రావలసి ఉంది. కానీ ఐదు నవలల అలవాటు చెయ్యి పట్టుకుని ఆపింది. హంతకుణ్ణి మొదటి పేజీలో చెప్పేస్తే రెండో పేజీ ఎవరు తిప్పుతారు? సాయంత్రం చెబుదాంలే అనుకుని, రాత్రంతా కంటి మీద కునుకు లేకపోవడంతో మంచమెక్కాడు.

మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో మూడో అంతస్తు మామ్మగారు, మెడలో కళ్ళజోడు, చేతిలో టైలరు టేపు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆవిడకు రెండే వ్యసనాలు. ఒకటి పూలకుండీలు, రెండోది అపరాధ పరిశోధన నవలలు.

"నన్ను చంపావటగా, నాయనా."

రచయితకు నిద్రమత్తు దిగిపోయింది. "మీరని కాదు మామ్మగారూ. ఊరికే, ఒక పెద్దావిడ అని..."

"మొహమాటపడకు. ఇన్నాళ్ళకు నాకూ ఒక పాత్ర ఇచ్చావు, సంతోషం. ఇప్పుడే బీరువా పక్కన సందు కొలిచాను, తొమ్మిది అంగుళాలు. నేను పట్టను, నిజమే. బాగా రాశావు. ఎవరు చేశారో నువ్వు చెప్పొద్దు, నేనే కనిపెడతాను."

"కనిపెట్టడానికేం లేదండీ. సామాను తీసేస్తే చాలు."

"తీస్తారా? సాక్ష్యాలు తీస్తారా? ఇంతకు ముందే బ్యాంకాయన బీరువా దించబోతుంటే పట్టుకున్నాను."

జరిగిందంతా ఆవిడే చెప్పుకొచ్చింది. బ్యాంకాయన ఏడో నోటీసు చదివి, మూడేళ్ళలో మొదటిసారి సిగ్గుపడి, బావమరిదిని సాయం పిలిచి బీరువా కదిపాడట. మామ్మగారు కింది మెట్టు మీద నిలబడి ఒకే ఒక ప్రశ్న వేసిందట. ఆరు నోటీసులకు కదలని మనిషివి ఇవాళ ఇంత తొందరెందుకు? చుట్టూ చేరిన వాళ్ళందరూ బ్యాంకాయన వైపు అదోలా చూశారట. పాపం, ఆయన బీరువాను మళ్ళీ యథాస్థానంలో పెట్టి, అది అసలు తనదే కాదని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడట.

అది మొదలు. సాయంత్రానికి భవనంలో ఎవరూ మెట్ల మీది వస్తువును ముట్టుకునే సాహసం చెయ్యలేదు. ముట్టుకుంటే తనదని ఒప్పుకున్నట్టు, ఒప్పుకుంటే చంపినట్టు. సెక్రటరీగారు కూలరు చుట్టూ తాడు కట్టి 'తాకరాదు' అని అట్టముక్క తగిలించారు. మామ్మగారు కాపలాకని వెనక మెట్ల అడుగున కుర్చీ వేయించుకున్నారు. కుర్చీ పక్కన బల్ల, బల్ల మీద ఫ్లాస్కు. ఖాళీ చెయ్యమన్న మెట్ల మీద పొద్దుటికంటే మూడు వస్తువులు పెరిగాయి.

రచయిత కిందికి దిగి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "హత్యా లేదు, హంతకుడూ లేడు. అది నోటీసు. దయచేసి మీ సామాన్లు మీరు తీసుకోండి. ఎల్లుండి మా ఆఫీసరొస్తున్నాడు."

"రాసినవాడి మాట నమ్మకూడదమ్మా," అంది మామ్మగారు జనం వైపు తిరిగి. "ఇతని ఐదు నవలలూ చదివాను. ఐదింట్లోనూ మూడో అధ్యాయంలో ఎవడో ఒకడు ఇలాగే వచ్చి, ఇది హత్య కాదంటాడు."

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి మళ్ళీ ఇరవై నాలుగు గంటల డ్యూటీ. వెళ్ళేముందు రచయిత ఇంక కథలూ కాకరకాయలూ లేకుండా ఎనిమిదో నోటీసు రాసి పారేశాడు. "శనివారం ఉదయం పది గంటలకు తనిఖీ. ఏ అంతస్తు మెట్ల మీద సామాను కనిపిస్తే ఆ అంతస్తువారే దోషులు." చదువుకుంటే ముక్కుసూటిగా ఉంది. తృప్తిగా సైకిలెక్కి స్టేషన్‌కి వెళ్ళాడు.

పదకొండు గంటలకు భార్య ఫోను చేసింది. ఆ పూట ఆవిడకు బడి లేదు.

"ఏమండీ, కూలరు కదిలింది."

"హమ్మయ్య. ఎవరు తీశారు?"

"తియ్యలేదు. రెండో అంతస్తుకొచ్చింది."

అతను ఇంకేదో అడగబోయేంతలో గంట మోగింది. లాండ్రీ దుకాణంలో ఇస్త్రీ బల్ల అంటుకుంది. దుకాణాన్ని తడిపి ముద్ద చేసి, పొగకు మండుతున్న కళ్ళతో తిరిగొచ్చేసరికి ఫోన్లో భార్యవి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాడు.

"బీరువా మూడో అంతస్తులో ఉందండీ. కూలరు కూడా దాని వెనకే వస్తోంది. కుండీలు మన కింది మలుపులో ఉన్నాయి."

"అన్నీ పైకెందుకొస్తున్నాయి? కిందికి దింపొచ్చుగా?"

"కింద మామ్మగారు కూర్చున్నారు. ముందు వాకిట్లో సెక్రటరీ నిలబడ్డాడు. బయటికి తీసుకెళితే పట్టుకుంటారు, తమ అంతస్తులో ఉంచుకుంటే దోషులవుతారు. ఇంక మిగిలింది పైకే కదా. మీరేగా రాశారు."

లెక్క తప్పు పట్టడానికి లేదు. రచయిత ఫోను పెట్టేసి తలపట్టుకున్నాడు. పక్కనే ఇంజను కిటికీ తుడుస్తున్న డ్రైవరు జాలిగా చూసి, "అన్నా, చంపింది బ్యాంకాయనే అనిపిస్తోంది నాకు," అన్నాడు. ఏడో నోటీసు ఫోటో అప్పటికే స్టేషనంతా తిరిగింది.

"నీ వెధవ అనుమానాలు ఆపు. ఇక్కడ నా నవల పోయేలా ఉంది," అన్నాడు రచయిత. పొగలో పన్నెండేళ్ళు గడిపినవాడికి ఒక పుస్తకం పోతుందంటే ఇంత దిగులెందుకో అతనికే అర్థం కాలేదు. చూసినవన్నీ ఎక్కడో ఒకచోట దింపుకోకపోతే మర్నాడు గంట మోగినప్పుడు కాళ్ళు లేవవని మాత్రం తెలుసు.

శనివారం ఎనిమిది ముప్పావుకు ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. వెనక మెట్లెక్కాడు. కింది మెట్టు నుంచి మూడో అంతస్తు దాకా అద్దంలా ఉన్నాయి, ఎవరో తడిగుడ్డ కూడా పెట్టారు. మామ్మగారి కుర్చీ, బల్ల, ఫ్లాస్కు కూడా లేవు. ఆ సంబరం నాలుగో అంతస్తు మలుపు దాకానే. అక్కడ కూలరు, బీరువా, మంచం, పదకొండు కుండీలు, సైకిలు, కుర్చీ, బల్ల, ఇదివరకెన్నడూ చూడని రెండు ట్రంకు పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ పైన మిగిలింది డాబా, దాని తాళం పోయి ఏడాదైంది. పేర్చిన సామాను ముందు మామ్మగారు చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు.

"తేలిపోయింది నాయనా," అందావిడ. "సాక్ష్యాలన్నీ ఎవడి గుమ్మం ముందు చేరాయో వాడే. పొగ ఎటు పోతుందో తెలిసినవాడు, మెట్లు కొలిచినవాడు, నా కర్ర సంగతి తెలిసినవాడు. రచయితే హంతకుడు. ఇలాంటిది నేను ఎక్కడా చదవలేదు. నీ నవలల్లోకెల్లా ఇదే బాగుంది." అతని భుజం తట్టి, ముందు మెట్ల మీదుగా తృప్తిగా ఇంటికి వెళ్ళిపోయారు.

గంటా పావు టైముంది. భార్య కొంగు బిగించి గుమ్మంలోకొచ్చింది. "వాళ్ళతో వాదించి లాభం లేదు. అన్నీ మనింట్లోకి లాగేద్దాం. ఆయనొచ్చి వెళ్ళాక చూసుకుందాం."

లాగారు. కూలరు వంటింట్లోకి వెళ్ళింది. కుండీలు పక్కల మీదికెక్కాయి. రాత బల్ల మీద, చివరి అధ్యాయం కాగితాల మీద ట్రంకు పెట్టె కూర్చుంది. ఆ ఇంటికున్నది ఒకటే గుమ్మం. తొమ్మిదీ యాభైకి బీరువా ఒక్కటే మిగిలింది. ఇద్దరూ లోపల నిలబడి దాన్ని ఏటవాలుగా లాగారు. సగం దాకా వచ్చి, గుమ్మానికి బిరడాలా బిగుసుకుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పైన జానెడు సందు తప్ప బయటి ప్రపంచంతో వాళ్ళకు సంబంధం తెగిపోయింది.

సరిగ్గా పదింటికి ఇంజను వచ్చి ఆగింది. ఆఫీసరు బూట్ల చప్పుడు వెనక మెట్ల మీద నింపాదిగా ఎక్కి, ప్రతి అంతస్తులోనూ ఆగి, నాలుగో అంతస్తుకు చేరింది.

"ఏమయ్యా, మెట్లు భేషుగ్గా ఉన్నాయి. అనుకోలేదు," అన్న మాట బీరువా పైనుంచి లోపలికి వచ్చింది. "బయటికి రా, సంతకం పెట్టి పోతాను."

"రాలేను సార్."

"అంత మొహమాటం దేనికి?"

"మొహమాటం కాదు సార్. గుమ్మం పూడుకుపోయింది."

ఆఫీసరు మనుషుల్ని పిలిచి నిచ్చెన వెయ్యమన్నాడు. పన్నెండేళ్ళుగా ఇతరుల కిటికీలకు రచయిత స్వయంగా ఆనించిన నిచ్చెనే ఇవాళ అతని కిటికీకి ఆనింది. భార్య దిగనంది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవాలట, ఎలాగూ ఎవరూ లోపలికి రాలేరు కాబట్టి ఇంతకంటే ప్రశాంతత దొరకదట. రచయిత ఒక్కడే కిటికీ ఎక్కి దిగుతుంటే భవనమంతా కింద చేరి గుడ్లప్పగించి చూసింది.

"చూశారా, కిటికీలోంచి పారిపోతున్నాడు," అంది మామ్మగారు. "నిచ్చెన కింద ఎవరో ఒకరు ఉండండి."

నిచ్చెన కింద ఉన్నది డ్రైవరు, డ్యూటీ దిగినా తమాషా చూడ్డానికి ఇంజనెక్కి వచ్చాడు. అతను నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఆఫీసరు మాత్రం రచయిత చెప్పిందంతా విని కూడా నవ్వలేదు. పైన బిగుసుకున్న బీరువాను రంపంతో కోసి పారెయ్యమని అందరికీ వినపడేలా చెప్పాడు. "లోపలున్న సామాను కూడా ఎవరిదీ కాదట. అంతా పాత సామాన్ల కొట్టుకు పంపించండి."

రంపం మోత వినపడగానే బ్యాంకాయన గుంపులోంచి చేతులు చాచి ముందుకు దూసుకొచ్చాడు. "కొయ్యొద్దండీ, కొయ్యొద్దు. అది మా అమ్మ బీరువా. నాదే. నేనే పెట్టాను."

బ్యాంకాయనను ఎవరూ ఏమీ అనకపోవడం చూసి సెక్రటరీగారు, కూలరు మోటారు ఇంకా పనిచేస్తుందనుకుంటా అన్నారు. ఎదురింటివాళ్ళు సైకిలడిగారు. ట్రంకు పెట్టెలకు కూడా యజమానులు పుట్టుకొచ్చారు. అందరికంటే ఆఖరున మామ్మగారు దగ్గరకొచ్చి, కుండీలు పదకొండూ జాగ్రత్తగా దించమని గొంతు తగ్గించి చెప్పారు. అంటే ఆవిడను చంపినవాళ్ళలో ఆవిడ కూడా ఉందన్నమాట. ఈ మలుపు ఆవిడ ఊహించలేదు. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?" అని నిష్ఠూరమాడింది. గుమ్మం చట్రం సడలించి బీరువాను బయటికి లాగాక, పదకొండున్నరకు ఎవరి వస్తువు వాళ్ళింటికి చేరింది. మెట్లు ఖాళీ, రచయిత ఇల్లూ ఖాళీ.

ఆఫీసరు ఇంజను ముందుభాగం మీద కాగితం పెట్టి సంతకం గీశాడు. రచయితకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పొగ వల్ల అని చెప్పడానికి అక్కడ పొగ లేదు.

"రాసుకో. ఎన్నైనా రాసుకో," అన్నాడు ఆఫీసరు. జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఈ ఏడు మనం నోటీసులిచ్చిన బిల్డింగులు నలభై మూడు. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు. నీది రెండు రోజుల్లో కదిలింది. అందుకని సోమవారం నుంచి నోటీసులన్నీ నువ్వే రాస్తావు. ఇలాగే రాయాలి, హత్యతో సహా. ఒక్కో బిల్డింగుకు ఒక్కోటి, ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు."

"సార్, మరి నా నవల చివరి అధ్యాయం?"

"నలభై మూడూ అయ్యాక. అనుమతి ఎక్కడికీ పోదు, సంతకం పెట్టాగా."

రచయిత జాబితా అందుకున్నాడు. మొదటి వరసలో ఉన్నది తమ అగ్నిమాపక కేంద్రమే. వెనక మెట్లు, అడ్డు: పుస్తకాల కట్టలు, పద్దెనిమిది. అతను ఆ వరస రెండోసారి చదవలేదు. ప్రచురణకర్త తిప్పి పంపిన నవలల్ని ఇంట్లో పెడితే భార్య ఊరుకోదని, రెండు రోజులకని చెప్పి, కిందటి వానాకాలంలో తనే ఒక్కొక్క కట్టా మోసుకెళ్ళి అక్కడ పేర్చాడు.

"అన్నా, ఇందులో హంతకుడెవరో నీకేమైనా అంతుపట్టిందా?" అన్నాడు డ్రైవరు, అతని భుజం మీదుగా తొంగిచూస్తూ.

సోమవారం ఉదయం స్టేషన్ గోడకు అంటించిన నోటీసులో రచయిత హంతకుడి పేరు మొదటి వాక్యంలోనే చెప్పేశాడు.